చెడిన లెక్కల ఫైలు: పునరుద్ధరణము

లెక్కలు వ్రాసి యుంచుకొనుట మానవునకు ప్రాచీనకాలము నుండియు నలవాటు. మన గ్రామములలో వర్తకులు ఏనాటి జమాఖర్చులను ఆనాడే చిట్టాలో వ్రాసికొని, పిమ్మట వానిని ఖాతాల వారీగా ఆవర్జాలోనికి ఎక్కించుకొనెడివారు. నేడు ఈ పని చాలవరకు కంప్యూటరుపై జరుగుచున్నది. అడ్డువరుసలు, నిలువువరుసలు గల గడులలో అంకెలను నింపినచో, కూడికలను, సగటులను తనంతట తానే కట్టి చూపు పట్టికకు స్ప్రెడ్‌షీటు అని పేరు. 1979లో అమెరికా దేశమున డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను నిరువురు రూపొందించిన విసికాల్క్ అను ప్రోగ్రాము ఈ పద్ధతిని చిన్న కంప్యూటర్లపై వ్యాప్తికి తెచ్చినది. 1985లో మైక్రోసాఫ్టు సంస్థ ఎక్సెల్ అను ప్రోగ్రామును వెలువరించినది. పాఠశాలల మార్కులు, సహకార సంఘముల అప్పులు, దుకాణముల సరుకులు నేడిట్టి పట్టికలలోనే యున్నవి.

కాగితపు పుస్తకము తడిసినను, చెదలు పట్టినను కొన్ని పుటలైనను మిగులును. కంప్యూటరు ఫైలు చెడినచో అది యసలే తెరచుకొనకపోవచ్చును. ఏడాది పొడవునా శ్రమపడి వ్రాసిన మార్కులన్నియు ఒక్క క్షణములో మాయమైనట్లు తోచును. కాని ఫైలు తెరచుకొనకపోవుట వేఱు, అందలి విషయము నశించుట వేఱు. ఈ భేదము తెలియవలెనన్నచో ఫైలు యొక్క నిర్మాణమును ఎఱుగవలయును.

పూర్వము మన పెద్దలు తాటాకులపై గంటముతో గ్రంథములు వ్రాసి, ఆకులకు రంధ్రములు చేసి, త్రాడు దూర్చి, రెండు చెక్కల నడుమ కట్టి యుంచెడివారు. ఆకులకు వరుస సంఖ్యలు వేయుటయు కలదు. త్రాడు తెగి ఆకులు చెదరినను, సంఖ్యలను బట్టి పండితుడు వానిని మరల వరుసగా చేర్చగలిగెడివాడు. ఎక్సెల్ ఫైలు కూడ ఇట్టి కట్టయే. 2007వ సంవత్సరపు ఎక్సెల్‌తో వాడుకలోనికి వచ్చిన ఎక్స్.ఎల్.ఎస్.ఎక్స్. రకపు ఫైలు పైకి ఒక్కటిగా కనబడినను, దాని లోపల పెక్కు చిన్న ఫైళ్లుండును. అవి మనుష్యుడు చదువగల అక్షరములతో వ్రాయబడి, జిప్ అను పద్ధతిచే కుదించి కట్టబడి యుండును. ఒక దానిలో గడులయందలి అంకెలు, మఱొక దానిలో పేర్లు మొదలగు మాటలు, వేఱొక దానిలో రంగులు, అక్షరముల పరిమాణములు చోటు చేసికొనును.

జిప్ పద్ధతిని 1989లో అమెరికా దేశీయుడైన ఫిల్ కాట్జ్ వెలువరించెను. కట్టలోని ప్రతి చిన్న ఫైలునకు ముందు, ఆతని పేరులోని తొలి యక్షరములగు ‘పి’, ‘కె’ అనువానితో ప్రారంభమగు నొక గుర్తు ఉండును. కట్ట చివర ఒక విషయసూచిక యుండును. ఏ భాగము ఎచ్చట మొదలగునో ఆ సూచిక తెలుపును. ఫైలును తెరచునపుడు కంప్యూటరు మొట్టమొదట ఈ సూచికకై వెదకును. ఫైలు వ్రాయబడుచుండగా కరెంటు పోయినను, నకలు పూర్తి కాకమునుపే పెన్‌డ్రైవును లాగివేసినను, చివరకు రావలసిన సూచిక రాకయే పోవును. అపుడు లోపలి భాగములు చక్కగా నున్నను ఫైలు తెరచుకొనదు. త్రాడు తెగినది గాని ఆకులు మిగిలియే యున్నవి.

మరమ్మతు చేయు ప్రోగ్రాములు ఇట్టి ఫైలును మొదటి నుండి చదువుచు, పైని చెప్పిన గుర్తులను పట్టుకొని భాగములను వేఱుచేసి, క్రొత్త సూచికను కట్టును. ప్రతి భాగమునకును ఒక సరిచూపు సంఖ్య కూడ ఉండును. భాగమందలి విషయమును బట్టి లెక్కించిన సంఖ్య, దాచియుంచిన సంఖ్యతో సరిపోయినచో ఆ భాగము వ్రాసినది వ్రాసినట్లే యున్నదని నమ్మవచ్చును.

దెబ్బ భాగము నడుమ తగిలినచో కార్యము కఠినమగును. కుదించునపుడు, ఒకసారి వచ్చిన మాటలను మరల వ్రాయక, “ఇంత వెనుకకు పోయి చూడుము” అను సూచన మాత్రమే వ్రాయబడును. కావున దెబ్బతిన్న చోటికి ముందున్నది దక్కును. తరువాతి భాగము దక్కుట కష్టము. ఫైలు పెద్దదిగానే కనబడి, లోపల అన్నియు సున్నలే యున్నచో ఎంతటి నేర్పరికిని చేయదగినది లేదు.

ఈ పని చేయువాడు మొదట చెడిన ఫైలునకు ఒక నకలు తీసి, మూలమును ముట్టక దాచియుంచవలయును. ప్రయత్నములన్నియు నకలు మీదనే జరుగవలయును. తరువాత పాత నకళ్లు గాని, ప్రోగ్రాము తానుగా మధ్యమధ్య దాచియుంచిన ప్రతులు గాని ఉన్నవేమో వెదకవలయును. అవి లేనిచో ఎక్సెల్‌లోని ‘ఓపెన్ అండ్ రిపేర్’ అను మార్గమును, పిమ్మట లిబ్రేఆఫీస్ కాల్క్ వంటి మఱొక ప్రోగ్రామును ప్రయత్నింపవచ్చును. ఒకటి తెరువజాలని ఫైలును వేఱొకటి తెరచుట కలదు. చివరి మార్గము కట్టను విప్పి, లోపలి భాగములను చదివి అంకెలను ఏరుకొనుట.

అట్లు ఏరునపుడు కొన్ని వింతలు కనబడును. తేదీలు సంఖ్యలుగా నుండును. 1900 జనవరి 1వ తేదీని ఒకటిగా కొని లెక్కించుట ఎక్సెల్ పద్ధతి. 1947 ఆగస్టు 15వ తేదీ అందు 17394 అని యుండును. పేర్లుండవలసిన గడులలో సాధారణముగా సంఖ్యలే యుండును. మాటల జాబితాలో ఆ పేరు ఎన్నవదో ఆ సంఖ్య తెలుపును. ఆ జాబితాయే నశించినచో మార్కులు మిగిలినను, అవి ఎవరివో తెలియదు. పట్టికలో ప్రవేశ సంఖ్యలను అంకెలుగా వ్రాసియుంచినచో, పాఠశాల రిజిస్టరును చూచి పేర్లను మరల జతపరుపవచ్చును.

కూడికలును మంచి సాక్షులు. సూత్రము వ్రాసిన గడిలో ఆ సూత్రముతో పాటు చివరిసారి వచ్చిన ఫలితము కూడ దాచబడి యుండును. ఒక విద్యార్థి ఐదు మార్కులలో 62, 71, 58, 80 మాత్రమే దక్కి, మొత్తము 340 అని యున్నదనుకొందము. నాలుగింటి మొత్తము 271 గనుక పోయినది 69 అని నిశ్చయముగా చెప్పవచ్చును. రెండు మార్కులు పోయి 62, 71, 58 మాత్రమే మిగిలినచో, పోయిన రెండును కలిసి 149 అని మాత్రమే తెలియును. అవి 69, 80 కావచ్చును; 70, 79 కావచ్చును. ఇచ్చట ఊహతో గడిని నింపుట తగదు. అది యొక బాలుని ఫలితమునకు సంబంధించిన విషయము. గడిని ఖాళీగా నుంచి, జవాబు పత్రములను తెప్పించి చూడవలయును.

తెలుగు గ్రంథములకు మహోపకారము చేసిన సి.పి. బ్రౌన్ (1798–1884) ఒక్కొక్క కావ్యమునకు పెక్కు వ్రాతప్రతులను సేకరించి, పండితులచే వానిని పోల్చి చూపించి, పాఠమును పరిష్కరింపజేసెను. ఒక ప్రతిలో శిథిలమైన చోటు మఱొక ప్రతిలో స్పష్టముగా నుండవచ్చును. నకలు యొక్క విలువ నాటికిని నేటికిని ఒక్కటే. ముఖ్యమైన ఫైలునకు కనీసము రెండు నకళ్లుండవలయును. వానిలో నొకటి వేఱొక చోట నుండవలయును. నకలుపై తేదీ వేయవలయును. పెన్‌డ్రైవును పద్ధతి ప్రకారము విడదీసిన పిమ్మటనే తీయవలయును. దక్కినదానిని జాగ్రత్తగా కూర్చి, దక్కనిదానిని దక్కలేదని స్పష్టముగా వ్రాసి యుంచువాడే లెక్కలను నిజముగా కాపాడినవాడు.