రంగు వేస్తే బూజు పోదు

కోల్‌కతాలో ఏటా 1,600 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. హైదరాబాద్‌లో పడేదానికి ఇది సుమారు రెట్టింపు. శ్యాంబజార్, బాగ్‌బజార్ పాత మేడల్లోనే కాదు, రాజార్‌హాట్ కొత్త ఫ్లాట్లలోనూ వానాకాలం ముగిసేసరికి బీరువా వెనక గోడ నల్లబడుతుంది. దాన్ని వదిలించడానికి మనం చేసే పనుల్లో చాలావాటివల్ల గోడ పాడవుతుంది, ఊపిరితిత్తులూ దెబ్బతింటాయి.

అపోహ: పూజకు ముందు రంగులు వేయిస్తే సరిపోతుంది.

వాస్తవం: దుర్గాపూజ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తుంది. అప్పటికి గోడ నాలుగు నెలల వాననీళ్లు తాగి ఉంటుంది. దానిమీద ఎమల్షన్ పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేదు. కొన్నాళ్లకే రంగు బుడగలు కట్టి పొరలు పొరలుగా ఊడుతుంది, వెనకనున్న బూజు మళ్లీ పైకి తేలుతుంది. పెయింటర్ కన్నా ముందు ప్లంబర్‌నో తాపీమేస్త్రీనో పిలవాలి. వాననీటి గొట్టం పగిలిందా, డాబా బీటలు వారిందా, పై ఇంటి బాత్రూమ్ కారుతోందా అన్నది తేల్చాలి. గోడ ఆరేది పొడిగాలుల చలికాలంలో కాబట్టి రంగు పని డిసెంబరు, జనవరి నెలల్లో పెట్టుకోవడం మేలు.

అపోహ: పాత గోడకు సిమెంటు పూత పూస్తే చెమ్మ ఆగుతుంది.

వాస్తవం: ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. ఉత్తర కోల్‌కతా పాత ఇళ్లను ఇటుకలతో, సున్నంలో సుర్కీ (ఇటుకల పొడి) కలిపి కట్టారు. ఆ గోడలు నేలలోని తేమను పీల్చి, సున్నపు పూతలోంచి మెల్లగా వదిలేస్తాయి. సిమెంటు ఆ దారిని మూసేస్తుంది. చెమ్మ వెనక్కి పోదు, ఇంకా పైకి ఎక్కుతుంది. మోకాలి ఎత్తున ఉన్న మరక నడుము దాకా వస్తుంది. సున్నంతో కట్టిన గోడకు సున్నపు పూతే వేయించాలి.

ఆ గోడల అడుగున తెల్లటి పొడి రాలుతుంటుంది. బెంగాలీలు నోనా అనే ఆ పొడిని బూజనుకుని మందులు చల్లేవాళ్లున్నారు. దానిమీద ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. కరిగిపోతే అది గోడలోంచి ఊరిన ఉప్పు. బూజు కరగదు. ఉప్పయినా బూజయినా గోడలో నీరుందన్నమాట మాత్రం నిజం.

అపోహ: గోడమీది నల్ల బూజే బ్లాక్ ఫంగస్ జబ్బు తెస్తుంది.

వాస్తవం: బ్లాక్ ఫంగస్ అని పిలిచే, 2021లో కొవిడ్ రోగులను పీడించిన మ్యూకర్‌మైకోసిస్‌కు కారణం రైజోపస్ వంటి శిలీంధ్రాలు. ఆ జబ్బు పేరులోని నలుపు చనిపోయిన కండది. గోడమీద నల్లగా పెరిగేవి తరచుగా క్లాడోస్పోరియం, ఆస్పర్‌జిల్లస్ జాతులు. రంగును బట్టి ప్రమాదాన్ని అంచనా వేయలేం. అలాగని నిర్లక్ష్యమూ తగదు. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, శ్వాస ఇబ్బందులు ఎక్కువని 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి.

అపోహ: కిటికీలు తెరిచి ఉంచితే చాలు.

వాస్తవం: శీతాకాలంలో అవును. ముసురు పట్టిన రోజున బయటి తేమ లోపలికొస్తుంది. బీరువాను గోడకు జానెడు దూరం జరపడం అంతకన్నా ఉపయోగం.

అపోహ: గీకేసి బ్లీచ్ చల్లితే పని అయిపోయినట్టే.

వాస్తవం: ఎండిన బూజును గీకితే సిద్ధబీజాలు గది నిండా లేస్తాయి. చచ్చిన బూజు కూడా అలర్జీ తెస్తుంది కనుక చంపడం చాలదు, తుడిచి తీసేయాలి. బ్లీచ్‌ను టాయిలెట్ యాసిడ్‌తో కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఈ రెండూ ఎప్పుడూ కలపకండి.

మరక 10 చదరపు అడుగుల లోపుంటే ఇంట్లోవాళ్లే శుభ్రం చేసుకోవచ్చని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచిస్తుంది. ముందుగా పిల్లల్ని, ఉబ్బసం ఉన్నవాళ్లని బయటికి పంపండి. ఫ్యాన్, ఏసీ ఆపండి. సబ్బునీళ్లు మెల్లగా చిలకరించి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి పారేయండి. బూజు లోపలికి పట్టిన పరుపు, జిప్సం బోర్డు బాగుపడవు, వదులుకోవాల్సిందే. కొత్తగా తడిసిన చోటును 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెడితే బూజు పుట్టే అవకాశం తక్కువ.

చాలా ఇళ్లలో గోడ గీకేది మనం కాదు, రోజు కూలీకి వచ్చిన పనివాడు. ముక్కుకు గమ్ఛా (పలచటి తువ్వాలు) చుట్టుకుని దిగుతాడు. ఆ గుడ్డ సిద్ధబీజాలను ఆపలేదు. అతనికి ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు కొనిచ్చాకే పని మొదలుపెట్టించండి.