దిగితేనే దర్జా!

మనం బండి కొనేటప్పుడు వంగి కింద చూస్తాం, గతుకుల్లో అడుగు తగలకుండా ఉంటుందా అని. అక్కడ మాత్రం యాభై అరవై ఏళ్లనాటి వ్యాను కొని, దాన్ని నేలకు ఇంకెంత దగ్గరగా దించొచ్చా అని చూస్తారు. అందుకోసం ఓపిగ్గా డబ్బూ సమయమూ పోస్తారు. పని కుదిరితే అది బొమ్మలాంటి బండి. కుదరకపోతే ఇంటిల్లిపాదీ ఎక్కే వాహనం అదుపు తప్పే ప్రమాదం. ఇంతకీ ఏమిటీ దించుడు సరదా?

గుండ్రటి ముఖం, పెద్ద కళ్లలాంటి లైట్లు, ముక్కుమీద 'వి', 'డబ్ల్యూ' అక్షరాలు, పైన తెలుపు, కింద ఎరుపో నీలమో. హాలీవుడ్ సినిమాల్లో హిప్పీలతోపాటు కనిపించే ఆ వ్యానును ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. 2006లో వచ్చిన 'లిటిల్ మిస్ సన్‌షైన్' సినిమాలో ఇంటివాళ్లంతా కలిసి తోసి, పరుగెత్తి ఎక్కే పసుపుపచ్చ బండి కూడా ఆ వంశానిదే. దాని అసలు పేరు ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2. అమెరికన్లు ముద్దుగా బస్ అంటారు, బ్రెజిల్‌వాళ్లు కోంబి అంటారు.

కాలిఫోర్నియాలోనో బ్రిటన్‌లోనో పాత బళ్ల మేళా జరిగితే ఈ వ్యాన్లు వరసకట్టి నిలబడతాయి. వాటిలో కొన్ని వింతగా ఉంటాయి. చక్రాల పైభాగం బాడీ లోపలికి దూరిపోయి, పొట్ట నేలకు ఆనుతోందేమో అన్నట్టుంటాయి. అవి బరువెక్కువై కుంగినవి కావు. కోరి దించినవి.

ఎందుకంత ఎత్తు?

ఈ వ్యాను పుట్టిందే బరువులు మోయడానికి. డచ్చి వ్యాపారి బెన్ పాన్ జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు అక్కడో బల్లబండి చూశాడు. విడిభాగాలను అటూ ఇటూ చేరవేయడానికి బీటిల్ కారు భాగాలతోనే తయారుచేసుకున్న బండి అది. దానిమీద ఓ పెట్టె కూర్చోబెడితే ఎలా ఉంటుంది? 1947 ఏప్రిల్ 23న తన నోటుపుస్తకంలో ఓ చిన్న బొమ్మ గీసుకున్నాడు. 1950లో ఆ బొమ్మే వ్యానై రోడ్డెక్కింది.

అప్పటి ఇంజిన్ శక్తి 25 హార్స్‌పవర్. ఇప్పటి మన చిన్న కార్లకున్న దాంట్లో సగం కూడా కాదు. మోయాల్సిందేమో దాదాపు ముప్పావు టన్ను. మరి లాగేదెలా? అందుకు ఇంజినీర్లు యుద్ధకాలంలో జర్మన్ సైన్యం వాడిన కూబెల్‌వాగన్ బండి నుంచి ఓ కిటుకు అరువు తెచ్చుకున్నారు. వెనక ఒక్కో చక్రం దగ్గర ఒక్కో చిన్న గేరుపెట్టె బిగించారు. పైనున్న పళ్లచక్రాన్ని ఇరుసు తిప్పితే, అది తనకింద ఉన్న మరో పళ్లచక్రాన్ని తిప్పుతుంది. దాంతో ఒకే దెబ్బకు రెండు లాభాలు. లాగే బలం పెరిగింది. చక్రం మధ్యభాగం ఇరుసుకన్నా కిందికి వచ్చింది కాబట్టి బండీ ఎత్తయింది. మట్టిదారుల్లోనూ తగలకుండా పోయింది.

అంటే ఆ ఎత్తు అలంకారం కాదు, అవసరం. దించాలనుకునేవాళ్లు మొదట గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇదే.

చట్టం వద్దంటే...

బండిని దించి ఊరేగడమనే సరదా ఈ వ్యాన్లతో మొదలవలేదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కాలిఫోర్నియాలోని మెక్సికన్ అమెరికన్ కుర్రకారు తమ పాత కార్లను కిందికి దించి, వీధుల్లో నెమ్మదిగా నడుపుతూ తిరిగేవారు. 'లోరైడర్లు' అన్న పేరు అలా వచ్చింది. అది ప్రభుత్వానికి నచ్చలేదు. చక్రం రిమ్ము అడుగుకన్నా కిందికి బండిలోని ఏ భాగమూ రాకూడదంటూ 1958లో చట్టం తెచ్చింది. మనవాళ్లు ఊరుకుంటారా! ఆ మరుసటేడే రాన్ ఆగ్విరె అనే యువకుడు తన కారుకు హైడ్రాలిక్ పంపులు బిగించాడు. మీట నొక్కితే బండి లేస్తుంది, మళ్లీ నొక్కితే దిగుతుంది. పోలీసు కనిపిస్తే లేపడం, వెళ్లిపోగానే దించడం! ఆ నిబంధనను కాలిఫోర్నియా చివరికి ఎత్తేసింది. 2024 జనవరి నుంచి అది లేదు.

ఆ గాలే ఫోక్స్‌వ్యాగన్ ప్రియులకూ సోకింది. అయితే వీళ్లకు అందం ఒక్కటే కారణం కాదు. నిలువెత్తు డబ్బాలాంటి ఈ వ్యాను హైవేమీద పక్కగాలి కొడితే ఊగుతుంది. కాస్త దిగితే బరువు నేలకు దగ్గరవుతుంది, మలుపుల్లో ఒరగడం తగ్గుతుంది. ఆ 'కాస్త' ఎంత అన్నదగ్గరే అసలు కథంతా ఉంది.

తడిబట్ట పిండినట్టు

మన లారీలకుండే కమాను పట్టీలు ఈ వ్యానుకు ఉండవు. చుట్టల స్ప్రింగులూ కనిపించవు. వాటికి బదులు మెలితిరిగే ఉక్కు కడ్డీలుంటాయి. వాటినే టోర్షన్ బార్లు అంటారు. తడిబట్టను ఒక కొసన గట్టిగా పట్టుకుని రెండో కొసన మెలిపెట్టి చూడండి. వదలగానే అది వెనక్కి తిరుగుతుంది కదా! ఇదీ అంతే. చక్రం గతుకెక్కితే దానికి తగిలించిన చేయి పైకి లేస్తుంది. ఆ చేయి కడ్డీని మెలితిప్పుతుంది. గతుకు దాటగానే కడ్డీ తన మెలి విప్పుకుని చక్రాన్ని మళ్లీ కిందికి నెడుతుంది.

వెనక భాగాన్ని దించడమంటే కడ్డీ కొసను విప్పి, కొద్దిగా తిప్పి, మళ్లీ బిగించడమే. కడ్డీ రెండు కొసలకూ పళ్లుంటాయి. కానీ రెండువైపులా ఒకే లెక్కలో ఉండవు. ఈ వ్యాను తోబుట్టువైన బీటిల్ కారునే తీసుకోండి. లోపలి కొసకు 40 పళ్లు, బయటి కొసకు 44. లోపల ఒక పన్ను జరిపితే 9 డిగ్రీలు తిరుగుతుంది. బయట ఒక పన్ను వెనక్కి జరిపితే 8 డిగ్రీల పైచిలుకు తగ్గుతుంది. మిగిలే తేడా ఒక డిగ్రీకన్నా తక్కువ. అంత సన్నగా సర్దుకోవడానికే ఆ ఏర్పాటు. వ్యానులోనూ సూత్రం అదే.

వినడానికి తేలికే. చేసేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. బండిని జాకీమీద లేపి చక్రం ఊడదీసినా కడ్డీలో బిగువు పోదు. దానికి తగిలించిన ఉక్కు పలకను ఆనింపు నుంచి తప్పించగానే అది ధనామని కిందికి కొడుతుంది. మధ్యలో వేలుంటే వేలు పోతుంది. అందుకే అనుభవమున్న మెకానిక్ పలక కింద మరో జాకీ పెట్టి, గొలుసుతో కట్టి, నెమ్మదిగా వదులుతాడు. ముందే కోణం కొలిచి రాసుకుంటాడు. లేకపోతే పని పూర్తయ్యాక బండి ఓ పక్కకు వాలి నిలబడుతుంది.

వెనక్కి నాలుగు గేర్లు!

1967కు ముందు తయారైన, అద్దం రెండు పలకలుగా ఉండే వ్యాన్లను ఇంకా దించాలనుకునేవాళ్లు వెనక చక్రాల దగ్గరున్న ఆ చిన్న గేరుపెట్టెల్ని తీసేస్తారు. ఎత్తు ఒక్కసారిగా తగ్గుతుంది. హైవేమీద ఇంజిన్ రొద కూడా తగ్గుతుంది. కానీ ఇందులో ఓ తిరకాసుంది. ఆ పెట్టెలోని రెండు పళ్లచక్రాలు తిరిగే దిశను తారుమారు చేస్తాయి. దానికి తగ్గట్టే బండి అసలు గేర్‌బాక్సులోని పెద్ద పళ్లచక్రాన్ని ఫ్యాక్టరీలో రెండోవైపు బిగించారు. ఆ సంగతి తెలియక పెట్టెలొక్కటే పీకేస్తే బండి ముందుకు ఒక గేరులో, వెనక్కి నాలుగు గేర్లలో వెళ్తుంది! అందుకే గేర్‌బాక్సు విప్పి ఆ చక్రాన్ని ఇటు తిప్పాలి, లేదా బీటిల్ గేర్‌బాక్సు తెచ్చి పెట్టాలి. లాగే బలం తగ్గుతుంది కాబట్టి పాత చిన్న ఇంజిన్ ఘాటురోడ్డు ఎక్కలేక ఆయాసపడుతుంది.

ముందువైపు రెండు దారులున్నాయి. అక్కడ అడ్డంగా రెండు ఉక్కు గొట్టాలు, వాటిలో సన్నని పట్టీల కట్టలు ఉంటాయి. గొట్టాన్ని మధ్యలో కోసి, తిప్పుకునే వీలున్న బిళ్ల వెల్డింగ్ చేయించడం మొదటి దారి. ఎంత ఎత్తు కావాలంటే అంతకు సర్దుకోవచ్చు. కానీ చేతుల కోణం మారిపోతుంది, చక్రం పైకి కదలడానికి ఉన్న జాగా తగ్గిపోతుంది. రెండో దారిలో చక్రాన్ని మోసే భాగాన్నే మార్చేస్తారు. కొత్త భాగంలో చక్రం బిగించే మొన రెండు మూడు అంగుళాలు పైన ఉంటుంది. చేతులు ఉన్నచోటే ఉంటాయి, బండి మాత్రం దిగుతుంది. ఫ్యాక్టరీలో ఇచ్చిన మెత్తని నడకా చాలావరకు నిలుస్తుంది. ఖర్చు ఎక్కువైనా కుటుంబంతో తిరిగేవాళ్లు దీనికే మొగ్గుతారు.

అందం సరే, కుదుపు?

దించిన బండి గట్టిగా కుదుపుతుందని చాలామంది అంటారు. కడ్డీ గట్టిపడిందేమో అనుకుంటారు. కాదు. కడ్డీ అదే, జాగానే తగ్గింది. ముందు నాలుగు అంగుళాలు కదిలే చక్రం ఇప్పుడు రెండంగుళాలే కదిలితే, చిన్న గుంటకే రబ్బరు దిమ్మకు ఢీకొంటుంది. ఆ దెబ్బ తిన్నగా మన వెన్నుపూసకే తగులుతుంది. ఇక పాత పొడవు షాక్‌అబ్జార్బర్లనే ఉంచేస్తే అవి పూర్తిగా ముడుచుకుపోయి పాడవుతాయి.

చిక్కులు ఇంకా ఉన్నాయి. పాతకాలపు వెనక ఇరుసు ఊగే రకం కావడంతో, బండి దిగేకొద్దీ చక్రాల పైభాగాలు లోపలికి వాలతాయి. టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుంది. ముందుభాగాన్ని మాత్రమే ఎక్కువ దించితే స్టీరింగు తేలికైపోయి, వేగంలో బండి నిలకడగా పోదు. మనం తిన్నగా పట్టుకున్నా అది అటూ ఇటూ వెతుక్కుంటుంది. అందుకని ముందు గొట్టాల్లో కిందిదాని వెనక సన్నని బిళ్లలు పెట్టి కోణం సరిచేస్తారు. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు బాడీకి రాసుకుంటోందా, బ్రేకు గొట్టం లాగినట్టవుతోందా అనేవి కూడా చూడాలి. అదీ ఖాళీ బండితో కాదు, పిల్లాపాపా సామానూ ఎక్కించి!

ఈ బాధలన్నీ వద్దనుకునేవాళ్లు గాలితిత్తులు పెట్టించుకుంటున్నారు. మేళాలో మీట నొక్కితే బండి నేలకు కూర్చుంటుంది. రోడ్డెక్కేముందు గాలి నింపితే లేస్తుంది. అలనాటి హైడ్రాలిక్ కిటుకుకు ఇది ఓ రకంగా మనవడు.

కోస్తే పోయేది ఇనుమేనా?

జర్మనీలో ఈ వ్యాన్ల తయారీ ఏనాడో ఆగింది. బ్రెజిల్‌లో మిగిలిన ఆఖరి వరస కూడా 2013 డిసెంబరుతో ముగిసింది. కొత్తవి పుట్టవు, ఉన్నవే దిక్కు. 2011లో అమెరికాలో జరిగిన బారెట్-జాక్సన్ వేలంలో 23 కిటికీల పాత వ్యాను 2 లక్షల డాలర్లకు పైగా పలికింది. అలాంటి బండికి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గొట్టాన్ని కోసేయడమంటే తాతగారి వాలుకుర్చీ కాళ్లు రంపంతో కోసినట్టే.

అందుకే తెలిసినవాళ్లు అసలు గొట్టాన్ని విప్పి, నూనె రాసి, గుడ్డ చుట్టి అటకెక్కిస్తారు. దించడానికి వేరే గొట్టం కొంటారు. రేపు పిల్లలకో మనవలకో అసలు ఎత్తు కావాలనిపిస్తే ఓ రెండు రోజుల పనితో వెనక్కి వెళ్లొచ్చు. జర్మనీలో ఇలాంటి మార్పును అధికారిక తనిఖీలో చూపించి బండి కాగితాల్లో రాయించాలి. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన బండికి 2018 నుంచి ఏటా తనిఖీ అక్కర్లేదు కానీ, సస్పెన్షన్ పద్ధతినే మార్చేస్తే ఆ మినహాయింపు పోవచ్చు.

మన దగ్గర సంగతి? తయారీదారు ఇచ్చిన రూపురేఖలకు భిన్నంగా వాహనాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే తేల్చిచెప్పింది. స్ప్రింగులు కోయించి కారు దించేద్దామనుకునే కుర్రాళ్లకు ఇంట్లోవాళ్లు చెప్పాల్సిన మాట ఇది. చట్టం సంగతి అటుంచినా, రెండు స్పీడు బ్రేకర్లు దాటేసరికి మన రోడ్లే ఆ బుద్ధి చెబుతాయి.

దించే ముందు...

* మొదట తుప్పు చూసుకోవాలి. సస్పెన్షన్ బిగించే చోట ఇనుము పుచ్చి ఉంటే దించడం తర్వాత, ముందు అది బాగుచేయించాలి.
* ముందూ వెనకా సమంగా దించాలి. ఒక్కసారే కాకుండా అంగుళం దించి, నడిపి చూసి, మరో అంగుళం దించాలి.
* పొట్టి షాక్‌అబ్జార్బర్లు, సరిపడే టైర్ల ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. పని అయ్యాక చక్రాల అలైన్‌మెంటు తప్పనిసరి.
* ఊడదీసిన అసలు భాగం ఒక్కటి కూడా పాతసామాన్ల వాడికి వేయకూడదు.

ఆ పాత వ్యానును ఎత్తుగా నిలబెట్టింది అవసరం. కిందికి దించుతున్నది సరదా. రెండూ తప్పు కాదు. కాకపోతే సరదా తీరాక కూడా అది మళ్లీ లేచి నిలబడగలగాలి. ఎందుకంటే బండిని ఎవరైనా దించగలరు. మళ్లీ లేపడానికి వీలుగా దించడమే పనితనం!