పాట వెనుకటి మాట

పాట నిలవడానికి మూడు దారులున్నవి. గురువు కంఠం నుండి శిష్యుని కంఠానికి చేరడం మొదటిది. రికార్డు మీది కెక్కడం రెండవది. ఆ పాటను ఎవరు కట్టారు, ఎవరివద్ద నేర్చారు, ఏ ఊళ్ళో ఎవరి ముందు పాడారు అన్న సంగతులను ఒకరు అడిగి, విని, వ్రాసిపెట్టడం మూడవది. మొదటి రెండింటికి దక్కిన గౌరవం మూడవదానికి దక్కలేదు. సభలో విద్వాంసునికి శాలువ కప్పుతారు. ఆ విద్వాంసుని ఇంటికి వెళ్ళి, చాపమీద కూర్చుని, పూట గడిచేదాకా అతని మాటలు వ్రాసుకొనే రచయిత ఎవరికీ కనబడడు. ఏ పత్రికలోను కొలువు లేక, అచ్చయిన వ్యాసానికి వచ్చే పారితోషికమే ఆధారమైన స్వతంత్ర రచయిత మాట చెప్పనే అక్కరలేదు.

ఇంతకూ ఆ శ్రమ ఎందుకు? గ్రామఫోను చరిత్రయే దీనికి సమాధానం చెబుతుంది. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటలను రికార్డు చేసినప్పుడు, ఆమె పాట ముగియగానే తన పేరు తానే చెప్పుకొన్నది. ఆ రికార్డులను అచ్చొత్తే కర్మాగారం ఎక్కడో జర్మనీలోని హానోవర్‌లో ఉండేది. పాట ఎవరిదో అక్కడి పనివారికి తెలియవలె గదా! అట్లా గాయని పేరు నిలిచింది. కాని ఆమె ఆ పాటను ఎవరివద్ద అభ్యసించినదీ, ఆనాడు ప్రక్కవాద్యం పట్టినవారెవరో ఆ మూడు నిమిషాల రికార్డు చెప్పదు. రికార్డు నాదాన్ని దాస్తుంది; నాదం వెనుకటి జీవితాన్ని దాచలేదు.

తెలుగునాట ఈ కొరతను తీర్చ పూనుకొన్నవారిలో వి. ఎ. కె. రంగారావు ముందు వరుసలోని వారు. జమీందారీ వంశంలో పుట్టి, మద్రాసులో స్థిరపడి, నలభైవేలకు పైగా గ్రామఫోను రికార్డులను సేకరించారు. సేకరణతో ఆగలేదు. ‘ఆలాపన’ పేరిట వ్యాసాలు వ్రాసి, పాత పాటల పుట్టుపూర్వోత్తరాలను పాఠకుల ముందుంచారు. మెప్పు దగ్గరా తప్పు దగ్గరా నిష్కర్షగా మాట్లాడటం ఆయన పద్ధతి. అంతకు ముందే, ఆకాశవాణి స్వరకర్త బాలాంత్రపు రజనీకాంతరావు 1958లో ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ వెలువరించారు. 1961లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. భౌతికశాస్త్రం బోధించిన విస్సా అప్పారావు క్షేత్రయ్య పదాలను పరిష్కరించి ప్రకటించారు. పాటను కాపాడటానికి పాటగాడే కానక్కరలేదనడానికి ఆయన పనియే సాక్ష్యం.

అడిగేవారు లేకపోతే ఎంత నష్టమో విజయనగరాన్ని చూస్తే తెలుస్తుంది. 1919లో అక్కడ వెలసిన సంగీత కళాశాలకు ప్రథమాధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. 1864లో పుట్టి 1945 వరకు జీవించిన ఆ హరికథా పితామహుడు ‘నా యెరుక’ అని స్వీయచరిత్ర వ్రాశారు. అది ఆయన ముప్పయ్యో యేటి దరిదాపులలోనే ఆగిపోయింది. తక్కిన అర్ధశతాబ్దికి శిష్యుల జ్ఞాపకాలు, ఇతరుల వ్రాతలే శరణ్యం. అడిగి చెప్పించుకొన్న చోట ఫలితం వేరు. బాలుడైన ఘంటసాల విజయనగరంలో మధూకరమెత్తి కడుపు నింపుకొంటూ, పట్రాయని సీతారామశాస్త్రి వద్ద సంగీతం నేర్చిన సంగతి నేడు తెలుగువారందరికీ తెలుసు. ఇది ఏ రికార్డులోను లేదు. తెలిసినవారు చెప్పగా, విన్నవారు వ్రాయగా నిలిచింది. శాస్త్రిగారి కుమారుడు సంగీతరావు నూరేండ్లు జీవించి 2021లో కన్నుమూశారు. ఆయన ఎరిగిన విజయనగరంలో ఆయన చెప్పినంత, వ్రాసినంతే ఇప్పుడు మిగిలింది.

అడగడం కూడ ఒక విద్యయే. “మీకు ఇష్టమైన రాగమేది?” అంటే ఒక్క మాటలో జవాబు వస్తుంది. “ఈ రాగాన్ని మొట్టమొదట ఎవరి నోట విన్నారు?” అంటే ఒక కాలమే కదలి వస్తుంది. వృద్ధ కళాకారునికి సంవత్సరం గుర్తుండదు. 2014లో హుద్‌హుద్ తుపాను రాకకు ముందా, తరువాతా అని అడిగితే వెంటనే చెప్పగలడు. ఒకరు చెప్పినదాన్ని మరొకరి మాటతో సరిచూడవలె. చెప్పినవారి పలుకుబడిని మార్చకుండ వ్రాయవలె. వ్రాసినదాన్ని వారికి చదివి వినిపించి, వారు సమ్మతించిన తరువాతనే అచ్చుకు పంపవలె.

నగరాల సభలకు విమర్శకులు వెళ్ళుతూనే ఉన్నారు. నర్సీపట్నం దాపున మాకవరపాలెం వంటి ఊళ్ళకు వచ్చి అడిగేదెవరు? ఉత్తరాంధ్రలో రొమ్మున తప్పెట కట్టి చిందువేసే తప్పెటగుళ్ళవారున్నారు. నరాన్ని మీటి జముకు పలికిస్తూ ఎల్లమ్మ కథ చెప్పేవారున్నారు. పెండ్లిపందిళ్ళలో నాదస్వరం ఊదేవారు, రామమందిరాలలో భజన నడిపే గురువులు ఉన్నారు. వీరి విద్యకు గ్రంథం లేదు, వీరే గ్రంథాలు.

ఈ పని బడికి అందనిది కాదు. నేడు విద్యార్థి చేతిలోని ఫోను ఆనాటి గ్రామఫోను కంటె ఎక్కువసేపు పాటను పట్టగలదు. అయితే గ్రామఫోను నాటి లోపమే దీనికీ ఉన్నది. పేరు, ఊరు, తేదీ, గురువు, ప్రక్కవాద్యం వ్రాసిపెట్టకపోతే పదేండ్ల తరువాత అది ఎవరిదో తెలియని గొంతు మాత్రమే. తెలుగు ఉపాధ్యాయుడు ఏటా ఒక తరగతిచేత ఒక్క కళాకారుని జీవితం వ్రాయించినా, పాఠశాల బీరువాలో ఆ ఊరి సంగీతచరిత్ర పుటపుటగా పెరుగుతుంది. రేపటి పరిశోధకునికి అంతకంటె నమ్మదగిన ఆధారం మరొకటి దొరకదు. అయితే చెప్పవలసినవారు ముదిమిలో ఉన్నారు. అడగవలసినవారు ఆలస్యం చేయరాదు.