వాన రాకపోతే పాపం ఎవరిది?

జూలై సగమైనా అనంతపురం పీఠభూమి మీద మేఘం నిలవని ఏడాదుల్లో మన సంఘాల్లో ఒక మాట తప్పక వినబడుతుంది. జనం పాపాలు పెరిగాయి గనుక దేవుడు ఆకాశాన్ని మూసివేశాడని. ఆ మాట అనేవారు "మన పాపాలు" అనడం మాత్రం అరుదు. తాగుబోతుల పాపం, పక్క ఊరివారి పాపం, ఆరాధనకు రాని వారి పాపం! ఈ వారం ఆ మాటను వాక్యపు వెలుగులో చూద్దాం.

మన జిల్లా వానచాటు ప్రాంతం. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే చాలావరకు కురిసిపోతాయి. ఏడాదికి సగటున మనకు దక్కేది 550 మిల్లీమీటర్ల దరిదాపు. అంతమాత్రాన కోస్తావారు మనకంటే నీతిమంతులు కారు. 1876-78 నాటి మహాకరువులో, ఈ ప్రాంతం ఇంకా బళ్లారి జిల్లాలో ఉన్న రోజుల్లో, ముందుగా కూలిపోయింది ఇంట్లో గింజ నిలవలేని కూలిజనం. ధర కోసం ధాన్యం దాచుకున్నవారు బ్రతికారు. చావే పాపానికి కొలత అయితే ఈ లెక్క ఎలా కుదురుతుంది?

సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వారు యెరూషలేములో అందరికంటే ఎక్కువ అపరాధులా అన్న ప్రశ్నకు ప్రభువు కాదన్నాడు (లూకా 13). అయితే అక్కడ ఆగలేదు. వింటున్నవారి వైపే తిరిగి మారుమనస్సు అడిగాడు.

బైబిల్లో పాపం వల్ల కరువు రాలేదా అని ఎవరైనా అడగవచ్చు. వచ్చింది. దావీదు కాలంలో మూడేళ్ల కరువుకు కారణం సౌలు గిబియోనీయులను చంపించడం (2 సమూయేలు 21). ఆ అధ్యాయపు ముగింపు మాకూ కష్టమైనదే, దాని మీద తేలిక ప్రసంగం లేదు. కానీ దావీదు కారకులను బీదల గుడిసెల్లో వెదకలేదు. దేవుణ్ణి అడిగాడు, వేలు రాజగృహం వైపే చూపింది. అహాబు మాత్రం ఏలీయాను నిందించాడు.

రోమా 3:23 మన పిల్లలకు కూడా కంఠస్థం. దానికి ముందే, రెండో అధ్యాయంలో, ఇతరులకు తీర్పు తీర్చేవాడి నోరు పౌలు మూయించాడు. దాన్ని మనం అంతగా చదవం. పైగా "అందరూ పాపులే కదా" అన్నది మనకు మంచి చాటు అయిపోయింది. ఆదివారం పాపపు ఒప్పుకోలు అందరం కలిసి చెబుతాం. ఆ గుంపు గొంతులో నా గొంతు దాక్కుంటుంది. అదే పౌలు, ప్రతివాడూ దేవునికి తన లెక్క తానే ఒప్పగించాలని కూడా వ్రాశాడు (రోమా 14:12).

ఆ లెక్కలో మన బోర్లు కూడా ఉంటాయి. పొరుగువాని బోరు మూడు వందల అడుగులు, మనది ఎనిమిది వందలు. మన చీనీ తోటకు నీరు వచ్చింది, అతని చెనక్కాయ ఎండింది. ప్రభుత్వ తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు అనుమతి లేకుండా బోరు వేయకూడదని 2002 నాటి వాల్టా చట్టం చెబుతుంది. ఆ తప్పును దేవుని ముందు ఒప్పుకొన్నవారిని మేము ఇంతవరకు వినలేదు. అదే బెంచీలో కూర్చునే సహోదరునికి విత్తనాల వేళ వడ్డీకిచ్చి, పంట పోయాక కూడా వసూలు చేసేవారి సంగతీ అంతే. జక్కయ్య తాను పాపినని చెప్పినట్టు లూకా వ్రాయలేదు. ఆస్తిలో సగం, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు అని అంకెలు చెప్పాడు.

ఈ లెక్క భయపెట్టేదే. అయితే తీర్పు తీర్చే అధికారం ఎవరికి అప్పగించబడిందో ఆ కుమారుడే తండ్రియొద్ద మనకు ఉత్తరవాది (యోహాను 5:22, 1 యోహాను 2:1). అందుకే లెక్క దాచవలసిన అవసరం లేదు.

వాన కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టుకొనే సంఘాలకు ఒక మనవి. కానుక బలిపీఠం ముందు విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమని ప్రభువు చెప్పాడు (మత్తయి 5). ప్రార్థనకు ముందురోజు సాయంత్రం ఖాళీగా ఉంచండి. పక్క చేనివాని బోరులో నీళ్లు ఎప్పటినుంచి రావడం లేదో వెళ్లి అడిగి రావడానికి అది చాలు.