సువాసన నుండి పుట్టే ధూళి

జంషెడ్‌పూర్ ఉక్కునగరం. అక్కడ ఉక్కు తయారీ 1912లో మొదలైనది. అటువంటి ఊరిలో గాలి చెడినదనగానే చూపు పొగగొట్టాల వైపు మళ్ళడం సహజం. బారిడీహ్ వంటి నివాస ప్రాంతాలలోని గృహిణి గాని, ఆ నగరంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబీకులు గాని కిటికీలు మూసి, నేలను ఫినాయిల్‌తో తుడిచి, ఆ పరిమళాన్ని ఆఘ్రాణించి “ఇక ఇల్లు శుభ్రం” అనుకుంటే ఆశ్చర్యమేమున్నది? కాని కొంత ధూళి బయటినుండి రాదు. ఆ గదిలోనే, ఆ పరిమళం నుండే జన్మిస్తుంది!

ఈ చర్యలో పాత్రధారులు ఇద్దరు. మొదటిది ఓజోన్. మనం పీల్చే ప్రాణవాయువు అణువులో రెండు పరమాణువులు ఉంటే, దీనిలో మూడు ఉంటాయి. ఆకాశంలో ఎంతో ఎత్తున ఇది మనకు గొడుగు. నేలమీద మాత్రం హానికారి. వాహనాల నుండి, కొలిమిల నుండి వెలువడే నత్రజని ఆక్సైడులు, ఆవిరయ్యే కర్బన పదార్థాలు ఎండ తగిలినప్పుడు ఓజోన్‌ను పుట్టిస్తాయి. లాస్ ఏంజిలిస్ నగరాన్ని కప్పిన కలుషిత మంచును పరిశీలించి, 1950ల తొలినాళ్ళలో హాగెన్‌స్మిట్ అనే శాస్త్రజ్ఞుడు ఈ రహస్యాన్ని ఛేదించాడు. ఈ వాయువు కిటికీ సందుల గుండా ఇంటిలోనికి ప్రవేశిస్తుంది.

రెండవది టర్పీన్ జాతి పదార్థం. నారింజ తొక్కను నలిపినప్పుడు గుప్పుమనే వాసనకు మూలమైన లిమోనిన్ ఈ జాతిదే. నిమ్మ పరిమళపు ద్రావకాలలో, పైన్ నూనెతో చేసిన ఫినాయిల్‌లో ఇటువంటివే ఉంటాయి. ఓజోన్ వీటి అణువులలోని ద్విబంధాన్ని తెంచుతుంది. అప్పుడు ఏర్పడే కొత్త అణువులలో కొన్ని ఆవిరిగా నిలువలేవు. తెల్లవారుజామున మంచు బిందువులు కూడినట్లు అవి ఒకదానితో ఒకటి చేరి కణాలవుతాయి. నిప్పు లేనిదే పొగ రాదని సామెత. ఇక్కడ నిప్పు లేకుండానే పొగవంటిది పుడుతున్నది.

ఈ కణాలలో అనేకం పుట్టినప్పుడు వెంట్రుక మందంలో అయిదువందలవ వంతు కూడా ఉండవు. కంటికి కనబడవు, ఊపిరితిత్తుల చివరి గదుల వరకు చేరగలవు. పసిపిల్లలు, ఉబ్బస రోగులు ప్రత్యేకంగా జాగ్రత్త వహించవలసినది ఇందుకే. కార్యాలయ గదులలో ఈ చర్య జరుగుతుందని 1999లో వెష్లర్, షీల్డ్స్ అనే పరిశోధకులు నిరూపించారు. 2022లో అమెరికాలో ప్రకటితమైన మరొక పరిశోధన ఇంకా దిగ్భ్రాంతికరం: టర్పీన్లున్న ద్రావకంతో గది తుడిచేవారు పీల్చే సూక్ష్మకణాలు, రద్దీ వీధిలో వాహనాల నడుమ పీల్చేవాటికి తీసిపోవు.

అయితే భయపడి శుభ్రతను మానుకోవలసిన పని లేదు. ఓజోన్ సాధారణంగా మధ్యాహ్నం అధికం, ఉదయం స్వల్పం. కనుక నేలను పొద్దుటే తుడవండి. పరిమళం లేని సబ్బునీరు చాలు. ద్రావకం వాడితే తగుమాత్రమే వాడి, తరువాత మంచినీటితో తుడిచి, గాలి ఆడనివ్వండి. గాలిని శుద్ధి చేస్తుందని చెప్పి ఓజోన్‌ను వెదజల్లే యంత్రాలను ఇంటికి తేవద్దు. అవి ఈ చర్యకు ఆజ్యం పోస్తాయి. అగరుబత్తి మాట వేరు: అది తన పొగను తానే నేరుగా గదిలోనికి వదులుతుంది.

పరిశుభ్రమైన గాలికి ఏ వాసనా ఉండదు. ఆ వాసన లేమిని లోపంగా భావించకపోవడమే మనం అలవరచుకోవలసిన కొత్త అభిరుచి.