ఆ క్యాసెట్‌లో ఓ అమ్మాయి గొంతు

బాగా పాడే ఆడపిల్ల లేని వీధి మన ఊళ్ళల్లో ఉండదు. పేరంటంలో పాడుతుంది, స్కూలు ప్రార్థనలో పాడుతుంది, వంటింట్లో తాలింపు వేస్తూ పాడుతుంది. "ఏదీ, ఓసారి పాడమ్మా, రికార్డు చేస్తాను" అన్నామో, "అబ్బే, ఇప్పుడు గొంతు బాగాలేదు పిన్నీ, ఇంకాస్త సాధన చేశాక చూద్దాం" అంటుంది. ఆ 'ఇంకాస్త సాధన' పెళ్ళిచూపుల దాకా, ఆ తర్వాత పిల్లల పరీక్షల దాకా సాగుతూనే ఉంటుంది. అలాంటి అమ్మాయిలకి నేను తరచూ చెప్పే కథ ఒకటుంది. కల్పన కాదు, జరిగినదే. ఐర్లండ్‌లోని లిమరిక్ అనే ఊరిది.

1989లో ఆ ఊళ్ళో నోయెల్, మైక్ హోగన్ అనే అన్నదమ్ములు, ఫెర్గల్ లాలర్ అనే స్నేహితుడు, మరో గాయకుడు కలిసి ఓ రాక్ బృందం పెట్టుకున్నారు. పేరు 'ది క్రాన్‌బెర్రీ సా అస్'. గబగబా పలికితే క్రాన్‌బెర్రీ సాస్ అని వినిపించాలని కుర్రకారు వేళాకోళం! ఏడాది తిరక్కుండానే గాయకుడు తప్పుకున్నాడు. వాయించే ముగ్గురు మిగిలారు, పాడేవాళ్ళు లేరు.

అప్పుడొచ్చింది డొలొరెస్ ఓరియర్డన్. లిమరిక్ దగ్గరి పల్లెటూరి పిల్ల. తొమ్మండుగురు సంతానంలో ఆఖరిది. తండ్రి మోటారు సైకిలు ప్రమాదం తర్వాత పనిచేయలేని స్థితిలో ఉంటే, తల్లి స్కూల్లో వంట పనిచేసి ఇల్లు నడిపింది. ఈ పిల్లకి తెలిసిన సంగీతమల్లా చర్చిలో పాడటం, అక్కడి ఆర్గన్ వాయించటం. 1990లో, పద్ధెనిమిదేళ్ళ వయసులో, కీబోర్డు పట్టుకుని ఆ ముగ్గురు కుర్రాళ్ళ ముందు నిలబడింది. పాడింది. ఇక వాళ్ళు మరొకరి కోసం వెతకలేదు.

మాటల్లేని టేపు

ఆ రోజు ఆమె వెళ్ళేటప్పుడు నోయెల్ ఒక క్యాసెట్ చేతికిచ్చాడు. అందులో గిటారు వరసలే ఉన్నాయి, మాటల్లేవు. ఆమె ఇంటికి తీసుకెళ్ళి, తన తొలి ప్రేమలో తగిలిన దెబ్బనే మాటలుగా కూర్చి తెచ్చింది. ఆ పాటే 'లింగర్'. తర్వాత ప్రపంచమంతా విన్నది దాన్నే.

దాన్నీ, మరికొన్ని పాటల్నీ లిమరిక్‌లోనే ఓ చిన్న స్టూడియోలో రికార్డు చేశారు. దీన్నే డెమో అంటారు. డెమో అంటే ఏమిటో మన భాషలో చెప్పనా? ముగ్గుకి ముందు పెట్టే చుక్కలు. రంగులుండవు, అందం కోసం కాదు. అసలు ముగ్గు ఎలా ఉంటుందో చూసేవాళ్ళకి అంతుపడుతుంది, అంతే. ఒక టేపు 300 కాపీలు ఊళ్ళోని షాపుల్లో అమ్ముడుపోయాయి. మరికొన్ని టేపులు కంపెనీలకి వెళ్ళాయి. ఆ గొంతు విని ఐలండ్ రికార్డ్స్ వాళ్ళు ఒప్పందం రాసుకున్నారు.

ఇక్కడో విషయం చెప్పాలి. ఆ రోజుల్లో డొలొరెస్‌కి ఎంత బిడియమంటే, వేదిక మీద జనానికి వీపు పెట్టి పాడేదిట! జనం మొహాలు చూడలేని పిల్ల గొంతుని ఆ టేపు తానే మోసుకుపోయింది. డెమో చేసే గొప్ప మేలు ఇదే. మనం వెళ్ళలేని గదుల్లోకి మన బదులు అది వెళుతుంది.

అంతా సాఫీగా జరిగిందనుకునేరు. 1991లో వచ్చిన మొదటి చిన్న రికార్డుని పత్రికలు చప్పరించేశాయి. మేనేజరుతో పొసగక విడిపోయారు. చేసిన పని పక్కన పెట్టి, స్టీఫెన్ స్ట్రీట్ అనే నిర్మాతతో మళ్ళీ మొదలెట్టారు. 1993లో తొలి ఆల్బమ్ వచ్చింది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. అమెరికాలో ఎంటీవీ 'లింగర్'ని పదే పదే చూపించాక కథ మారింది. పాట అక్కడ ఎనిమిదో స్థానానికి ఎక్కింది. 1994లో ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది.

మన దగ్గర ట్రాక్ పాడేవాళ్ళు

మన సినిమా సంగీతంలోనూ ఇలాంటిదే ఒకటుంది. పేరున్న గాయని వచ్చేలోపు పని ఆగకూడదని మరో అమ్మాయి చేత 'ట్రాక్' పాడిస్తారు. తర్వాత ఆ గొంతు తుడిచేసి పెద్దావిడ గొంతు ఎక్కిస్తారు. వరసకి ముందుగా ప్రాణం పోసిన అమ్మాయి పేరు ఎక్కడా ఉండదు. డొలొరెస్ విషయంలో చుక్కలు పెట్టిన చేయే ముగ్గూ వేసింది. నాకు ఈ కథ నచ్చటానికి అది పెద్ద కారణం.

పేరొచ్చాక ఆమె బతుకంతా పూలబాటేమీ కాలేదు. మనసు జబ్బుతో బాధపడింది. బైపోలార్ అని డాక్టర్లు చెప్పిన సంగతి దాచుకోకుండా తనే చెప్పింది. 2018 జనవరి 15న లండన్‌లో, 46 ఏళ్ళకే కన్నుమూసింది.

అప్పటికి ఆమె, నోయెల్ కలిసి కొత్త ఆల్బమ్ కోసం పాటలు రాసుకుంటున్నారు. పూర్తయిన రికార్డింగులు లేవు. ఉన్నవల్లా డెమోలు. కుటుంబం అనుమతితో మిగిలిన ముగ్గురూ ఆ డెమోల్లోని గొంతు చుట్టూ వాద్యాలు వాయించారు. తొలి ఆల్బమ్ చేసిన స్టీఫెన్ స్ట్రీటే దీన్నీ చేశాడు. 2019 ఏప్రిల్‌లో 'ఇన్ ది ఎండ్' పేరుతో విడుదలైంది. అదే వాళ్ళ చివరి ఆల్బమ్. బాగా పాడాక రికార్డు చేద్దామని ఆమె ఆగివుంటే, పిల్లలకీ స్నేహితులకీ ఆ చివరి పాటలు దక్కేవే కావు కదా!

మా అమ్మ లాలిపాటలు బ్రహ్మాండంగా పాడేది. మా ఇంట్లో టేప్ రికార్డరు కూడా ఉండేది. దాంట్లో సినిమా పాటలు విన్నాం గానీ అమ్మ గొంతు ఒక్కసారీ పట్టుకోలేదు. "నా పాటేమిటే, నవ్విపోతారు" అని తప్పించుకునేది. ఆవిడ వరసలు నాకొచ్చు. ఆ గొంతు మాత్రం రాదు.

ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోనుంది, క్యాసెట్ ఖర్చు కూడా లేదు. మీ అమ్మాయి చేతనో, అత్తగారి చేతనో, మీరే స్వయంగానో ఒక పాట పాడి దాచండి. మొదట్లో పేరు, తేదీ చెప్పండి. కుక్కర్ విజిల్ వినిపించినా ఫరవాలేదు, తుడిచేయకండి. ఇంకోచోట ఒక కాపీ ఉంచండి. కంపెనీలు వింటాయో లేదో ఎవరికి తెలుసు? ఇంట్లో వాళ్ళు మాత్రం వింటారు. ఏమంటారు?