నాటి మాట నాడే

దినచర్య, అంటే ఏ రోజు సంగతి ఆ రోజే తేదీ వేసి రాసుకునే పుస్తకం, గొప్పవారి జీవితచరిత్రలకు ముడిసరుకుగా మాత్రమే పనికివస్తుందన్న అభిప్రాయం చాలామందిలో ఉన్నా, దాని మేలు అందరికంటే ముందు రాసిన మనిషికే దక్కుతుంది.

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చేదాకా, మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళ కోరికపై మజిలీ మజిలీకీ దారి మంచిచెడ్డలు, వసతులు, చూసిన వింతలు రాస్తూ వెళ్ళారు. హైదరాబాదు నుంచి గోదావరి దాటి నిర్మల్ మీదుగా నాగపురం వెళ్ళిన ప్రయాణమూ అందులో ఉంది. ఇల్లు చేరాక తీరిగ్గా తలచుకుని రాసి ఉంటే క్షేత్రాల వైభవం మిగిలేదేమో గాని, ఆ చిన్న చిన్న వివరాలు చాలావరకు జారిపోయేవి.

జ్ఞాపకం తలచుకున్నప్పుడల్లా కొంత మారుతుంది. ఫలితం తెలిశాకైతే, అది ముందే తెలుసుననిపిస్తుంది; ఈ భ్రమను మనస్తత్వ శాస్త్రజ్ఞులు పశ్చాద్దృష్టి దోషం అంటారు. ఉదాహరణకు, పసుపు పరిశోధన స్థానం ఉన్న కమ్మర్‌పల్లి ప్రాంతంలో, వానాకాలం మొదట్లో వేసిన పసుపు తవ్వకానికి రావడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది కాబట్టి, దుంపకుళ్ళు ఎప్పుడు మొదలైందో చివర్లో గుర్తుచేసుకోవడం కష్టం. “పొద్దున వాన. పల్లపు మడిలో నీళ్ళు నిలిచాయి. నాలుగు మొక్కల ఆకులు అంచుల నుంచి పండుబారాయి, మొదళ్ళు మెత్తబడ్డాయి. రాత్రి నిద్ర పట్టలేదు” అని ఒక రైతు రాసుకుంటే, మరుసటి ఏడు కాలువ ఎక్కడ తీయాలో ఆ పుటే చెబుతుంది.

ఆ రైతు రాతలో నిద్ర పట్టలేదన్న చివరి వాక్యం విలువా తక్కువది కాదు. అమెరికాలో మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో, వరుసగా నాలుగు రోజులు పదిహేనేసి నిమిషాలు తమ కష్టాన్ని, జరిగినదీ అనుభవించినదీ కలిపి రాసిన విద్యార్థులు, రాసిన వెంటనే దిగులుపడినా, తరువాతి నెలల్లో వైద్యుని దగ్గరకు తక్కువసార్లు వెళ్ళారు. అందుకే లెక్కలతోపాటు మనసులో మాటా రాయాలి; అలా రాయాలంటే ఆ పుస్తకాన్ని ఇంట్లోవారు తెరవకుండా ఉండటం తప్పనిసరి.

రాత్రి భోజనమయ్యాక పది నిమిషాలు చాలు. తప్పిపోయిన రోజులను మాత్రం తరువాత ఊహించి నింపకుండా, ఆ పుటలను ఖాళీగానే వదిలేయడం మంచిది.